చెరువే కదా అని పదకొండు మందిమి పడవెక్కొచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు. మా అత్తగారి ఊరు పొదలకూరు అవతల. ఈసారి వానలకి ఊరి చెరువు నిండి కలుజు (ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటు) కూడా పారింది. సంక్రాంతికి అందరం అక్కడే చేరతాం. చెరువులో చేపల గుత్త తీసుకున్నాయన మా మరిదికి బాగా తెలుసు. కనుమ రోజు ఆయన ఫైబరు పడవలో అందర్నీ చెరువంతా తిప్పుతానని మా మరిది పట్టుబట్టాడు. పడవ 14 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. ఈమధ్యే చిన్న మోటారు తగిలించారట. మేం 11 మందిమి, అందులో 4, 7, 11 ఏళ్ళ పిల్లలు ముగ్గురు. లైఫ్ జాకెట్లు రెండే ఉన్నాయి, లారీ ట్యూబు ఒకటి వేసుకుంటే చాలంటాడు. "చెరువే కదా వదినా, గోదారేం కాదు గదా! పోయిన కనుమకి 12 మందిమి ఎక్కాం" అంటాడు. నేను వద్దంటే పిరికిదాన్నని నవ్వుతారు. మర్నాడు మైపాడు వెళ్ళి సముద్రంలో కూడా పడవెక్కాలని అనుకుంటున్నారు. ఏమేం చూసుకోవాలి?
(ఒక పాఠకురాలు, నెల్లూరు)

సమాధానం: ఆ పడవ 11 మందిని మొయ్యదమ్మా. నడిపే మనిషితో కలిపి ముగ్గురు, పిల్లలుంటే నలుగురు. అంతకు మించి ఎక్కించకూడదు. ఇది భయం కొద్దీ చెబుతున్న మాట కాదు, లెక్క ఉంది.

20 అడుగుల లోపు చిన్న పడవలకు అమెరికా కోస్ట్ గార్డు వాడే సూత్రం ఒకటుంది. పొడవునీ వెడల్పునీ అడుగుల్లో గుణించి 15తో భాగిస్తే ఎంతమంది ఎక్కొచ్చో వస్తుంది. మీ పడవకి 14ని 4తో గుణిస్తే 56, దాన్ని 15తో భాగిస్తే 3.7. మిగిలిన ఆ 0.7ని సాగదీసి నాలుగో పెద్దవాళ్ళని ఎక్కించకూడదు. మనిషికి సుమారు 68 కిలోల లెక్కన కట్టిన సూత్రం ఇది. అంటే మొత్తం బరువు 250 కిలోలు దాటకూడదు, అదీ గాలి లేనప్పుడు. మీ 8 మంది పెద్దవాళ్ళే 500 కిలోలు తూగుతారు. పిల్లల్నీ, మోటారునీ, పెట్రోలు డబ్బానీ ఇంకా కలపనే లేదు. పడవ తయారుచేసిన వాళ్ళు దాని మీద బరువు రాసిన పలక పెట్టి ఉండి, అందులో మనం కట్టిన లెక్క కంటే తక్కువ ఉంటే ఆ తక్కువనే పట్టుకోండి.

మరి పోయిన కనుమకి 12 మంది ఎలా వెళ్ళొచ్చారు? పడవకి బరువు ఎక్కువైనంత మాత్రాన అది వెంటనే మునగదు. కిందికి దిగుతుంది, అంతే. అడుగు ఎత్తున ఉండాల్సిన అంచు నీటికి నాలుగు వేళ్ళ ఎత్తుకి వస్తుంది. అందరూ కదలకుండా కూర్చున్నంతసేపూ అలాగే తేలుతుంది, వెళ్ళి వస్తుంది కూడా. ఆ రోజు ఎవరూ ఒక్కసారిగా లేవలేదు, ఒక పక్కకి వంగలేదు. అందుకే ఏమీ కాలేదు. దాన్ని పడవ బలం అనుకుంటే పొరపాటు.

ఎవరో "అదిగో కొంగలు" అంటారు, నలుగురు అటు తిరుగుతారు, ఒకాయన ఫోను పట్టుకుని లేస్తాడు. పడవ ఒరుగుతుంది. అంచు ఎత్తుగా ఉంటే ఒరిగిన పక్క నీటిని తొక్కుతుంది, నీరు దాన్ని మళ్ళీ పైకి నెడుతుంది. అంచు నాలుగు వేళ్ళే ఉంటే నెట్టే లోపే నీళ్ళు పైనుంచి లోపలికి వస్తాయి. లోపలి అడుగు భాగం 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉందనుకోండి. అందులో ఒక్క అంగుళం నీళ్ళు చేరితే 85 కిలోలు. లావుపాటి మనిషి ఒకడు కొత్తగా ఎక్కినట్టే, పైగా ఆ మనిషి ఒకచోట కూర్చోడు. పడవ ఎటు ఒరిగితే నీళ్ళు అటే పరిగెడతాయి, ఆ ఒరుగుని ఇంకా పెంచుతాయి. అప్పుడు భయపడి అందరూ లేచి ఎదురు పక్కకి దూకుతారు. చాలా పడవలు తిరగబడేది ఈ రెండో ఊపుకే. మొదటి ఒరుగు నుంచి అందరూ నీళ్ళల్లో పడేదాకా పట్టేది కొన్ని సెకన్లే.

చెరువు అన్నంత మాత్రాన ఇందులో ఏ తేడా లేదు. 2023 ఫిబ్రవరిలో మీ పొదలకూరు మండలంలోనే, తోడేరు చెరువులో, పది మంది యువకులు సరదాగా ఎక్కిన పడవ మునిగి ఆరుగురు పోయారు. అది వరద కాదు, తుఫానూ కాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో అనుమతి లేని పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది కార్తీకమాసం విహారానికి ఒంగోలు నుంచి వెళ్ళినవాళ్ళే. మీ మరిదికి తోడేరు పేరు ఒక్కటి గుర్తుచేస్తే మీతో వాదన పెట్టుకోడనుకుంటాం.

అయినా వద్దనడం కంటే తేలికైన దారి ఉంది. ఒకేసారి అందరూ కాకుండా విడతలుగా వెళ్ళండి. నడిపే మనిషి, ఒక పెద్దవాళ్ళు, ఇద్దరు పిల్లలు ఒక విడత. తర్వాత నడిపే మనిషి, ఇద్దరు పెద్దవాళ్ళు. ఇలా ఆరు విడతల లోపే అందరి వంతూ అయిపోతుంది, విడతకి ఇరవై నిమిషాలు చాలు. దీనివల్ల జాకెట్ల బెడదా సగం తీరుతుంది. ఇంట్లో ఎంతమంది ఉన్నారన్నది కాదు లెక్క, పడవలో ఎంతమంది ఉన్నారన్నది. నాలుగు జాకెట్లుంటే అందరూ వంతులవారీగా వాడుకోవచ్చు. ఉన్నవి రెండూ పెద్దవాళ్ళ కొలతవైతే పిల్లల కొలతవి ఇంకో రెండు తెచ్చుకోండి. నాలుగేళ్ళ వాడి జాకెట్టు పదకొండేళ్ళ వాడికి పట్టదు కాబట్టి ఆ రెండూ ఒకే కొలత కాకూడదు.

జాకెట్టు కొనేటప్పుడు రంగు కాదు, లోపల కుట్టిన చీటీ చూడాలి. ఎంత బరువున్న మనిషికో, ఎన్ని న్యూటన్ల తేలుడో దాని మీద రాసి ఉంటుంది. 50 న్యూటన్లది ఈతగాళ్ళ కోసం. తెలివి తప్పితే అది మొహాన్ని పైకి తిప్పుతుందన్న నమ్మకం లేదు. ఈత రానివాళ్ళకు 100 న్యూటన్లది కావాలి. 100 న్యూటన్లంటే ఇంచుమించు పది కిలోల బరువుని తేల్చే బలం. 60 కిలోల మనిషికి పది కిలోలు ఏ మూలకని అనుకోకండి. నీళ్ళల్లో మనిషి ఒళ్ళు చాలావరకు దానంతటదే తేలుతుంది, తలని పైన నిలపడానికి నాలుగైదు కిలోల సాయం సరిపోతుంది.

గుత్తదారు దగ్గరున్న పాతవి తీసుకుంటే ముందు లోపలి ఫోము పిసికి చూడండి. వేలితో నొక్కి వదిలితే పైకి లేవాలి. గట్టిపడినా, పొడిపొడిగా రాలినా, అట్టలా అణిగిపోయినా అది పారెయ్యాల్సిందే. వలల మూట కింద ఏడాదంతా నలిగినవి చాలావరకు ఇలాగే తయారవుతాయి. నడుము పట్టీల బకిల్ విరిగి ఉంటే తాడుతో ముడేసి సరిపెట్టొద్దు, తడిసిన ముడి జారుతుంది. తర్వాత పిల్లాడికి తొడిగి, పట్టీలన్నీ బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపండి. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది వాడికి పెద్దది. నీళ్ళల్లో పడ్డప్పుడు జాకెట్టు తేలుతుంది, పిల్లాడు దాని కిందినుంచి జారిపోతాడు. చిన్నపిల్లల జాకెట్టుకి కాళ్ళ సందులోంచి వచ్చే పట్టీ ఉండేది ఇందుకే. దుకాణంలో చాలామంది దాన్ని అడ్డమని కత్తిరించేయమంటారు! నాలుగేళ్ళ వాడికి అది లేని జాకెట్టు కొనొద్దు.

జాకెట్టు గట్టు మీదే తొడగాలి. పడవలో అడుగు పెట్టేటప్పటికి ఆఖరి బకిల్ కూడా పడి ఉండాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కూడా జనం నీళ్ళల్లో పడతారు. తర్వాత వేసుకుందాంలే అని సీటు కింద పెట్టిన జాకెట్టు పడవతో పాటే బోర్లా పడుతుంది. నడిపే మనిషి కూడా వేసుకోవాలి, ఎంత గజ ఈతగాడైనా సరే. తల అంచుకి కొట్టుకుందంటే ఈత ఏం చేస్తుంది? పైగా మీ మరిది వేసుకుంటేనే పిల్లలు పేచీ పెట్టకుండా వేసుకుంటారు.

లారీ ట్యూబు జాకెట్టుకి బదులు కాదు. తడిసిన రబ్బరు చేతుల్లో జారుతుంది, చిన్నపిల్లలు మధ్య కన్నంలోంచి దూరిపోతారు. కానీ దాన్ని తీసుకెళ్ళండి. 15 మీటర్ల నైలాన్ తాడు ఒక కొస ట్యూబుకి, ఇంకో కొస పడవకి కట్టి పెట్టుకుంటే ఎవరైనా పడ్డప్పుడు విసరడానికి పనికొస్తుంది. మూత గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను కూడా అంతే మంచిది. అది ఇరవై కిలోల దాకా తేలుస్తుంది, గాలి దిగిపోయే భయం లేదు. గట్టు మీద కూడా ఒకటి, తాడుతో సహా, చేతికందేలా ఉంచండి.

బట్టల మాట కూడా చెప్పాలి. పండగ పూట చీరలో పడవెక్కాలనిపించడం సహజం. కానీ మోటారు తగిలించారన్నారు కదా, చీర కొంగూ చున్నీ తిరిగే ఇరుసులో చుట్టుకుంటే మనిషిని లాగేస్తాయి. నీళ్ళల్లో పడితే తడిసిన చీర కాళ్ళకి పెనవేసుకుని కొట్టుకోనివ్వదు. ఆడవాళ్ళు కాళ్ళకి పట్టి ఉండే డ్రెస్సులు వేసుకుని, చున్నీ ఇంట్లో పెట్టి, జడ ముడేసుకుని రావడం మేలు. లుంగీలకూ ఇదే వర్తిస్తుంది.

ఇక చెరువు సంగతి. నిండిన చెరువు పైకి అద్దంలా ఉంటుంది గానీ, అడుగున వేసవి చెరువు అలాగే ఉంటుంది. ఎండాకాలం మట్టి తవ్వుకున్న గుంతలు అక్కడే ఉంటాయి. మోకాలి లోతు నీళ్ళల్లో నడుస్తున్న మనిషి రెండడుగుల్లో నిలువులోతుకి వెళ్ళిపోతాడు. మునిగితే ఏముంది, నడిచి వచ్చేస్తాం అనేవాళ్ళు ఈ గుంతల్ని లెక్కలోకి తీసుకోరు. ఒండ్రులో కాళ్ళు మోకాళ్ళ దాకా దిగబడతాయి, లాక్కునే కొద్దీ ఇంకా దిగుతాయి. నీళ్ళు చేరకముందు పెరిగిన తుమ్మ చెట్ల మొద్దులు నీటి మట్టానికి జానెడు కింద ఉంటాయి, కంటికి కనిపించవు. మోటారు వేగంలో వాటిని తగిలితే ఫైబరు పగులుతుంది. లేదంటే పడవ టక్కున ఆగి, ముందు కూర్చున్నవాళ్ళు ఎగిరి నీళ్ళల్లో పడతారు. కాబట్టి తుమ్మలున్న వైపు వెళ్ళొద్దు. వెళ్ళక తప్పకపోతే మోటారు ఆపి గెడ వేసుకుంటూ పోవాలి. వలలు ఎక్కడ కట్టారో గుత్తదారుకి తెలుసు కాబట్టి ఆయన్నో, ఆయన మనిషినో పడవలో ఉంచుకోవడం మంచిది. వల మోటారు కింద నీళ్ళల్లో తిరిగే ఫ్యానుకి చుట్టుకుంటే మోటారు పూర్తిగా ఆపకుండా చెయ్యి పెట్టకూడదు. ఆపాక కూడా తీసే మనిషి ఒక్కడే వెనక్కి రావాలి. ఇద్దరు ముగ్గురు వెనక్కి చేరితే వెనక అంచు నీటికి తగులుతుంది.

తూము తెరిచి ఉంటే ఆ చుట్టుపక్కలకి వెళ్ళొద్దు. పైన నీరు కదలనట్టే కనిపిస్తుంది, కింద లాగుడు గట్టిగా ఉంటుంది. కలుజు పారుతుంటే దానికి కనీసం రెండు వందల అడుగుల ఎడంగా ఉండాలి. మోటారు ఆగిపోతే పడవ దానంతటదే అటు కొట్టుకుపోతుంది. అందుకే తెడ్లు రెండు, గెడ ఒకటి మోటారున్నా సరే పడవలో ఉండాలి.

చెరువు మీదుగా కరెంటు తీగలు పోతున్నాయేమో తల పైకెత్తి చూడండి. నీటిమట్టం పెరిగినప్పుడు తీగలు పడవకి అంతే దగ్గరవుతాయి. నిలబడి ఎత్తిన గెడ, అందులోనూ ఇనుపదో అల్యూమినియందో అయితే, తీగలకి తగలడానికి ఎంతోసేపు పట్టదు. గట్టు మీది రైతుల మోటార్ల వైర్లు నీళ్ళల్లో వేలాడుతున్న చోట పడవ ఒడ్డుకి చేర్చొద్దు.

మోటారు పక్కన ఎర్రటి మెలికల తాడు ఉంటుంది. ఒక కొస మోటారు స్విచ్చికి, ఇంకో కొస నడిపే మనిషి మణికట్టుకో జాకెట్టుకో తగిలించాలి. ఆ మనిషి నీళ్ళల్లో పడితే తాడు ఊడి మోటారు ఆగిపోతుంది. అది తగిలించకపోతే మనిషి లేని పడవ గుండ్రంగా తిరిగి, పడ్డవాడి మీదికే ఫ్యానుతో వస్తుంది. మన వాళ్ళు ఆ తాడుని మోటారుకే చుట్టి వదిలేస్తుంటారు. కనుమ పొద్దున ముందు అడగాల్సింది దాన్నే. పెట్రోలు గట్టు మీదే, మోటారు చల్లగా ఉన్నప్పుడే పొయ్యాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు కాబట్టి పడవ అడుగున పేరుకుంటుంది, ఒక్క బీడీ చాలు. మలుపు మెల్లగా తిప్పాలి. బరువున్న పడవ వేగంలో మలుపు తిరిగితే ఒక అంచు దానంతటదే కిందికి దిగుతుంది.

జనవరిలో తెల్లారగట్ట మంచు పడుతుంది, ఎదుటి గట్టు కనిపించేదాకా బయల్దేరొద్దు. మంచు విడిపోయాక ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా మంచి సమయం. తర్వాత గాలి లేస్తుంది, నిండిన చెరువులో ఆ గాలికి వచ్చే చిన్న అలలకే బరువున్న పడవలోకి నీళ్ళు చిమ్ముతాయి. బయల్దేరేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్ళండి, మోటారు చెడినా వచ్చేటప్పుడు గాలే ఇంటి వైపు తోస్తుంది. కనుమ కాబట్టి భోజనాలూ మందూ మధ్యాహ్నం తర్వాతే ఉంటాయి. ఆ తర్వాత పడవ తాళం ఎవరికీ ఇవ్వొద్దు. తాగిన మనిషికి నిలకడ పోతుంది, నీళ్ళల్లో పడితే పైకి ఏదో కిందికి ఏదో తెలీదు. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు, మీ మరిది ఎంత కోపగించుకున్నా సరే.

ఎక్కేటప్పుడు ఒకరు గట్టు మీదినుంచి పడవని పట్టుకోవాలి. ఒక్కొక్కరే, వంగి, పడవ నట్టనడుమ అడుగు వేసి వెంటనే కూర్చోవాలి. అంచు మీద కాలు వెయ్యకూడదు, అంచు మీద కూర్చోకూడదు. ఫోటోలు కూర్చునే తీసుకోవాలి. గట్టు మీదున్నవాళ్ళు తీస్తే పడవతో సహా బాగా వస్తాయి కూడా.

అన్నీ చూసుకున్నా పడవ తిరగబడితే, దాన్ని వదలొద్దు. ఫైబరు పడవ బోర్లా పడ్డా చాలావరకు తేలుతూనే ఉంటుంది, దాన్ని పట్టుకుని ఉండాలి. గట్టు దగ్గరే కదా అనిపిస్తుంది గానీ నీళ్ళ మీద దూరం కంటికి తక్కువగా కనిపిస్తుంది. ఈత వచ్చినవాళ్ళు కూడా మధ్యలో అలసిపోయేది ఇందుకే. ముందు తలలు లెక్కపెట్టుకోవాలి, పిల్లల్ని పడవ వీపు మీదికి ఎక్కించాలి, తర్వాత కేక వెయ్యాలి.

గట్టు మీదున్నవాళ్ళు నీళ్ళల్లోకి దూకొద్దు. ఒకడు మునిగితే కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవడం మన చెరువుల్లో కొత్త కాదు. మునిగే మనిషి చేతికి దొరికినదాన్ని తొక్కి పైకి రావాలని చూస్తాడు, దొరికింది మీ మెడైనా సరే. క్యాను విసరండి, గెడ చాపండి, రెండు చీరలు ముడేసి వెయ్యండి. ఇంకోటి తెలుసుకోవాలి. మునిగే మనిషి అరవడు, చేతులు ఊపడు. ఊపిరికే అవకాశం ఉండదు, అరుపు ఎక్కడినుంచి వస్తుంది? నోరు నీటి మట్టానికి ఉండి, తల వెనక్కి వాలి, నిచ్చెన ఎక్కుతున్నట్టు చేతులు కొట్టుకుంటున్న పిల్లాడు ఆడుకుంటున్నాడని అనుకోకండి.

బయటికి తీశాక తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం చెయ్యొద్దు. ఇవన్నీ కక్కు ఊపిరితిత్తుల్లోకి పోవడానికే పనికొస్తాయి. ఊపిరి ఆడకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో ఐదుసార్లు ఊపిరి ఊదండి. కదలిక లేకపోతే రొమ్ము నడుమ, నిమిషానికి 100 నుంచి 120 చొప్పున, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా 30 సార్లు నొక్కి, రెండుసార్లు ఊదండి. 108 వచ్చేదాకా ఇలాగే చెయ్యండి. చిన్నపిల్లాడికి ఒక చేత్తో నొక్కితే చాలు. లేచి కూర్చుని మాట్లాడుతున్నా సరే, నీళ్ళు మింగిన మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీళ్ళు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు.

మైపాడు మాటకి వస్తే, అక్కడ పిల్లలతో వేట పడవ ఎక్కొద్దు, ఇది విడతలతో తీరేది కాదు. ఒడ్డున విరిగే అలల్ని దాటేటప్పుడు పడవ ముక్కు సూటిగా అల మీదికి ఉండాలి. కాస్త అడ్డం తిరిగిందంటే అల పక్కనుంచి కొట్టి దొర్లిస్తుంది. ఏ అల వదిలి ఏ అల మీద పోవాలో గంగపుత్రులకి తెలుసు, వాళ్ళ పడవలు కూడా తిరగబడతాయి. అప్పుడు వాళ్ళు దూకి పక్కకి తప్పుకుంటారు, ఏడేళ్ళ పిల్లాడు తప్పుకోలేడు. ఈ పడవలు చేపల కోసం, మనుషుల్ని తిప్పే అనుమతీ ఉండదు. మైపాడులో ఇసుక ఉంది, వేయించిన చేపలున్నాయి, పిల్లలకి అవి చాలు.

కనుమకి ముందు రోజే గట్టు మీద ఉండే ఒక మనిషికి ఒక పని అప్పజెప్పండి. పడవలో ఎంతమంది వెళ్ళారో, ఎన్ని గంటలకి తిరిగి రావాలో చీటీ మీద రాసుకుని కూర్చోవడమే ఆ పని. ఆ మనిషి ఫోను నిండా చార్జింగు ఉండాలి. అందులో 112, 108 నంబర్లతో పాటు, సముద్రం వైపు వెళ్తే తీర పోలీసుల 1093, కోస్ట్ గార్డు 1554 కూడా వేసి పెట్టండి. ఫోను చేసేటప్పుడు ఊరి పేరు ఒక్కటి చాలదు. చెరువు పేరు, కట్ట మీద ఏ తూము దగ్గరో, 108 బండి ఎటు దారిన రాగలదో చెప్పాలి. ఆ దారి కనుక్కోవడానికి ముందు రోజు సాయంత్రం కట్ట మీద ఒకసారి నడిచి చూస్తే సరిపోతుంది.